రాత్రి తన్నింది ఆయన కాదు

ఈసారి ఒకే ఉత్తరం. నోటుబుక్కు కాగితాలు తొమ్మిది, రెండు వైపులా నిండా రాసి పంపారు. ఊరు, పేరు వద్దన్నారు కాబట్టి భువనగిరి వైపు ఒక పల్లె అని మాత్రం చెబుతాను.

రాసినామెకు 28 ఏళ్లు, భర్తకు 34. కల్లు గీత వాళ్ల కులవృత్తి. 14 నెలల కిందట పొద్దున్నే తాటిచెట్టు మీద మోకు జారి ఆయన కిందపడ్డాడు. వీపు మధ్యలో పూస విరిగింది. పట్నంలో ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు బిగించారు. డిశ్చార్జి కాగితం మీద ‘డి-8 ఫ్రాక్చర్, కంప్లీట్ పారాప్లీజియా, ఏషియా-ఎ’ అని రాశారు. దాని అర్థం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పెద్ద డాక్టరు నిలబడే ‘ఇక నడవడమ్మా’ అని వెళ్లిపోయారట. చేతులు బాగున్నాయి. బొడ్డు కింద నుంచి ముట్టుకున్నా తెలియదు. మూత్రానికి పైపు, సంచి.

మొదట్లో పత్తి బొంతల్లా పడి ఉన్న కాళ్లు మూడో నెల నుంచి అప్పుడప్పుడు అదరడం మొదలైంది. ఈ నెలలో అది బాగా ఎక్కువైంది. ఒక రాత్రి మోకాలు ఒక్కసారిగా లేచి, పక్కన పడుకున్న ఈమె కడుపులో తన్నింది. నిద్రమత్తులో, కోపంలో ఈమె ఆయన చెంప మీద కొట్టి ‘ఇన్నాళ్లు నటిస్తున్నవా’ అనేశారు. ఆయన గోడవైపు తిరిగాడు. పదకొండు రోజులుగా ముక్తసరిగా తప్ప మాట్లాడడం లేదు. అత్తమ్మ మాత్రం కాళ్లకు ప్రాణం వస్తోందని మొక్కు మొక్కింది. రోజూ ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి కాపడం పెడుతోంది.

ఇంతలో తెలిసినవాళ్లు చెప్పిన ఒక క్లినిక్‌కు వెళ్లారు. స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు మూడు వేస్తే నరం మళ్లీ మొలుస్తుందనీ, కాళ్లు కదలడమే అందుకు మంచి గుర్తనీ చెప్పి 7 లక్షలు అడిగారు. మామ ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్ముదామంటున్నాడు. మరిది వద్దంటున్నాడు. ‘నీకు అన్న కంటే భూమి ఎక్కువైందా’ అని ఇంట్లో గొడవ. ఈమె పుట్టింటివాళ్లు ఐదేళ్ల పాపను తీసుకుని వచ్చేయమంటున్నారు. చివరి కాగితం మీద నాలుగు ప్రశ్నలు. ఆయన నాతో అబద్ధమాడుతున్నాడా? భూమి అమ్మాలా? ‘ఇక నడవవు’ అని ఆయనకు ఎవరు చెప్పాలి? నేను వెళ్లిపోతే పాపమా?

అమ్మా, మీ నాలుగు ప్రశ్నల కంటే ముందు, ఏడో కాగితం అడుగున మీరు ఊరికే అన్నట్టు రాసిన మూడు వాక్యాల దగ్గరికి వెళ్తాను. ‘పక్క తడుస్తదని నీళ్లు తాగడం తగ్గించిండు. మూత్రం వాసన వస్తున్నది. పైపు మార్చి మూడు నెలలైంది. నడుము కింద ఎముక మీద రూపాయి బిళ్లంత ఎర్రగ అయింది.’ మీ ఉత్తరంలో అన్నిటికంటే తొందరది ఇదే. భూమి సంగతి నెల తర్వాత తేల్చుకున్నా నష్టం లేదు. ఇది ఈ వారంలో చూడాలి.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము తెగినవాళ్లు చాలామంది కొద్ది నెలల్లో, కొద్ది ఏళ్లలో చనిపోయేవారు. చంపింది కాళ్లు పడిపోవడం కాదు. పడక పుండ్లు, మూత్రంలో చీము, దాని వెనక కిడ్నీలు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు చేసిన గొప్ప పని ఏ మందూ కనిపెట్టడం కాదు. రాత్రనక పగలనక రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పించాడు, మూత్రసంచి శుభ్రంగా ఉంచాడు, మంచం దిగి పని చేయమన్నాడు. మనుషులు బతికారు. 1948లో వాళ్లతోనే విలువిద్య పోటీలు పెట్టాడు. ఇప్పటి పారాలింపిక్స్‌కు అదే మొదలు.

కాబట్టి మూడు పనులు. పైపు మార్పించండి. మామూలు రబ్బరు పైపైతే మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి, సిలికాన్‌దైతే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. మూడు నెలలు మాత్రం ఎక్కువ. మార్చేటప్పుడే మూత్రం పరీక్షకు ఇవ్వండి, కిడ్నీల స్కానింగ్, రక్తంలో క్రియాటినిన్ చూపించండి. చలితో జ్వరం వస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నీళ్లు తగ్గించడం వల్ల పక్క పొడిగా ఉంటుందేమో కానీ మూత్రం చిక్కబడి రాళ్లు, చీము వస్తాయి. రెండోది ఆ ఎర్ర మచ్చ. దాని మీద వేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట రంగు పోయి మళ్లీ వస్తే ఇంకా నయం. నొక్కినా ఎరుపు పోకపోతే లోపల చర్మం దెబ్బతినడం మొదలైందన్నమాట. ఆ మచ్చ పూర్తిగా పోయేదాకా దాని మీద బరువు పడకూడదు. వెల్లకిలా పడుకోవడం, గంటలు గంటలు కూర్చోవడం బంద్. కుడిపక్కకు, ఎడమపక్కకు మార్చండి. డాక్టరు ఒప్పుకుంటే బోర్లా పడుకోవడం అలవాటు చేస్తే మీకూ రాత్రి కాస్త నిద్ర పడుతుంది. దాన్ని రుద్దవద్దు, నూనె మర్దన వద్దు. గుండ్రటి గాలి ట్యూబు మీద కూర్చోబెట్టకండి, చుట్టూ రక్తం ఆగి పుండు పెద్దదవుతుంది. మూడోది, అత్తమ్మ ఇటుక. ఆమె ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ ఆ కాలికి కాలినా తెలియదు. చర్మం ఊడొచ్చే దాకా ఆయన అమ్మా అనడు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

ఇప్పుడు తన్నడం సంగతి.

ముప్పై ఏళ్లు మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పినదాన్ని. వెన్నుపామును చేతిలో పట్టుకున్న ప్రతి పిల్లా పిల్లాడూ ‘ఇంతేనా మేడం’ అనడం చూశాను. చిటికెన వేలంత లావు, 45 సెంటీమీటర్ల పొడవు. మన తెలుగులో దానికి పాము అని పేరు పెట్టినవాళ్లెవరో కానీ బాగా పెట్టారు. వెన్నుపూసలంటే ఎముకలు, వాటి మధ్య గొట్టంలో పడుకున్నది వెన్నుపాము. మనం మాటల్లో రెండిటినీ ‘వెన్నుపూస’ అనేస్తాం. దానివల్ల ఎముకకు రాడ్డు వేశారు కదా, ఇక అతుక్కుంటుంది కదా అనే ఆశ పుడుతుంది. రాడ్డు ఎముకకే వేశారు. ఎముక అతికింది కూడా. లోపలి పాము నలిగింది.

కాగితం మీది ‘పారాప్లీజియా’ అంటే కాళ్లు రెండూ పడిపోవడం, ‘డి-8’ అంటే వీపులోని 12 పూసల్లో ఎనిమిదోది. మరి స్పర్శ బొడ్డు దగ్గర ఎందుకు ఆగింది? వెన్నుపాము వెన్నెముకంత పొడవుండదు, నడుములో మొదటి, రెండో పూసల దగ్గరే అయిపోతుంది. అందుకని కిందికి పోయేకొద్దీ పూస అంకె, దాని లోపలున్న పాము భాగం అంకె కలవవు. డి-8 పూస లోపల ఇంచుమించు పదో భాగం ఉంటుంది. బొడ్డు చర్మం ఆ పదో భాగం వాటా. మీ ఆయన చెప్తున్నది లెక్కకు సరిగ్గా సరిపోతోంది. నటించేవాళ్లకు ఈ లెక్క తెలియదమ్మా.

మనిషి కాలు కదపాలంటే రెండు అంచెలు ఉంటాయి. పై అంచె నాడీకణం నడినెత్తి కింద, మెదడు రెండు భాగాలూ ఎదురెదురుగా ఉండే లోపలి గోడలో ఉంటుంది. కాలికి మెదడులో చోటు అక్కడే. దాని పోగు మెదడు అడుగున రెండో పక్కకు దాటి, వెన్నుపాములో నడుము దాకా దిగుతుంది. మధ్యలో ముడి లేదు. ఒకే కణం, అరమీటరు దాటిన పోగు. అక్కడ కింది అంచె కణానికి మాట అందిస్తుంది. ఆ రెండో కణం పోగు నడుము నుంచి బొటనవేలి దాకా పోయి కండరాన్ని లాగుతుంది. కాళ్ల తాలూకు ఈ రెండో అంచె కణాలన్నీ సుమారు డి-11 పూస నుంచి నడుము మొదటి పూస దాకా ఉన్న చిన్న ముక్కలో కాపురం ఉంటాయి. అంటే మీ ఆయన దెబ్బకు కిందన. వాటికేమీ కాలేదు. తెగింది పైనుంచి వచ్చే మాట.

ఆ మాట రెండు రకాలు. ‘కదులు’ అనేది ఒకటి, ‘ఊరుకో’ అనేది ఇంకొకటి. మనం రెండోదాన్ని గుర్తించం, ఎందుకంటే అది పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది. కాలికి దుప్పటి తగిలినా, మూత్రసంచి నిండినా కింది కణాలు ఎగిరిపడాలని చూస్తాయి. పైనుంచి వచ్చే ఊరుకో అనే మాట వాటిని ఆపుతుంది. ఆ మాట తెగిపోయాక కాలిని ఆపేవారు లేరు. కోడి తల తెగాక కాసేపు కాళ్లు, రెక్కలు కొట్టుకోవడం మీరు చూసే ఉంటారు. తెగి పడ్డ బల్లి తోక ఎగురుతుంది. అక్కడ ఎవరి ఇష్టమూ లేదు. పోలిక మొరటుగా ఉంది, క్షమించండి. కానీ ఇంతకంటే తేటగా చెప్పడం నాకు చేతకాలేదు.

మరి మొదటి నెలల్లో ఎందుకు కదల్లేదు? దెబ్బ తగలగానే కింది ముక్క కూడా కొన్నాళ్లు మొద్దుబారిపోతుంది. దీన్ని స్పైనల్ షాక్ అంటారు. కొన్ని వారాలకు మెల్లగా తేరుకుంటుంది. తేరుకున్నాక ఈ తన్నడం, బిగుసుకోవడం మొదలవుతాయి. డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు. మీ అత్తమ్మ ‘ప్రాణం వస్తోంది’ అన్నదాంట్లో ఆ మేరకు నిజముంది. కానీ ప్రాణం వచ్చింది నడుము ముక్కకు. తలకూ కాలికీ మధ్య దారి రాలేదు. ఆ కాలు తన్నేసరికి ఆయనకు అసలు తెలిసే ఉండదు. మీ చెయ్యి చెంప మీద పడ్డాకే తెలిసుంటుంది.

ఇంకో మాట. ఈ నెలలోనే తన్నడం ఎందుకు పెరిగింది? ఆయనకు నొప్పి తెలియదు కాబట్టి శరీరానికి మొరపెట్టుకోవడానికి మిగిలిన దారి ఇదొక్కటే. మూత్రంలో చీము, రాయి, మలబద్ధకం, పుండు, కాలిగోరు మాంసంలో దిగడం, వీటిలో ఏది వచ్చినా బిగుసుకోవడం పెరుగుతుంది. పైన చెప్పిన పైపు, మచ్చ రెండూ ఉన్నాయి. నాకు ఇవి వేర్వేరు సంగతులుగా కనబడటం లేదు. క్లినిక్ వాళ్లు ‘మంచి గుర్తు’ అన్నదాన్నే నేను ఆపద గుర్తు అంటున్నాను. ఆ రెండూ తగ్గాక కూడా బిగుసుకోవడం ఎక్కువగా ఉంటే బ్యాక్లోఫెన్ లాంటి మాత్రలు ఉన్నాయి. డాక్టరు చెప్పినట్టే వాడాలి, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. పూర్తిగా పోగొట్టుకోవాలని కూడా అనుకోకండి. మంచం నుంచి కుర్చీలోకి మారేటప్పుడు ఆ బిగువే కాస్త ఊతమవుతుందని చాలామంది చెబుతారు. రోజుకు రెండుసార్లు కాలిని నెమ్మదిగా చాపి, వంచి సాగదీస్తే కీళ్లు పట్టేయవు.

‘కాళ్లు మంటలు మండుతున్నయ్ అంటడు, స్పర్శ లేని కాలు ఎట్ల మండుతది’ అని కూడా అనుమానంగా రాశారు. మండుతుందమ్మా. కాలు తీసేసినవాళ్లకే లేని కాలు నొప్పెడుతుంది. కబురు రావడం ఆగిపోయాక పైనున్న కణాలు ఊరికే ఉండవు, వాటంతట అవే మోగుతాయి. దీనికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అనే వేరే రకం మందులు ఉన్నాయి, డాక్టరును అడగండి. అది నటన మాత్రం కాదు.

ఇక 7 లక్షలు.

అత్తమ్మ వాదన మీరు రాసింది చదివి నవ్వొచ్చింది, మెచ్చుకోలుగానే. ‘చిన్నోడికి గీతకత్తి తగిలి చేతి నరం తెగితే కుట్టేసిండ్రు, ఏడాదికి వేళ్లు వచ్చినయ్ గదా. పెద్దోడికి ఎందుకు రాదు?’ ఇది మెడికల్ కాలేజీలో అడగాల్సిన ప్రశ్న. శాస్త్రవేత్తలు వందేళ్లుగా దీనితోనే తల పట్టుకున్నారు. చేతిలో నరం తెగితే రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పోగు మళ్లీ పెరుగుతుంది. దాని చుట్టూ ఉన్న ష్వాన్ కణాలు పాత దారిని శుభ్రం చేసి, చెయ్యిపట్టి నడిపిస్తాయి. వెన్నుపాములో ష్వాన్ కణాలు లేవు. అక్కడ పోగుల్ని కప్పిన పొర వేరే రకం, అది కొత్త మొలకను ఆపేస్తుంది. పైగా దెబ్బ తగిలిన చోట మచ్చకట్టి గోడలా నిలుస్తుంది. 1981లో కెనడాలోని మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం ఎలుకల్లో ఒక చిత్రం చూపించింది. కాలి నరం ముక్కను తెచ్చి వెన్నుపాముకు వంతెనలా కడితే, పెరగవనుకున్న పోగులే అందులోకి మొలిచాయి. అంటే లోపం విత్తులో కాదు, నేలలో.

వ్యవసాయం తెలిసిన ఇల్లు మీది. చవుడు నేలలో కొత్త విత్తు ఏడు లక్షలు పెట్టి చల్లితే ఏమవుతుంది? స్టెమ్ సెల్స్ మీద నిజమైన పరిశోధన జరుగుతోంది, నేను కొట్టిపారేయడం లేదు. కానీ ఇవాళ్టి దాకా పూర్తిగా తెగిన వెన్నుపామును నడిపించే చికిత్సగా ఏదీ నిలబడలేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగాలే. ప్రయోగమైతే ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, అన్నిటికంటే ముఖ్యం, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే అది ప్రయోగం కాదు. చికిత్సగా నిరూపణ కానిది చికిత్సా కాదు. మరి 7 లక్షలు దేనికని వాళ్లనే అడగండి.

అయినా మామగారు పట్టుబడితే మీకు మూడు దారులు కనబడుతున్నాయి. ఒకటి, అమ్మి చేయించడం. జరగడానికి ఎక్కువ అవకాశం ఏమిటంటే కొన్ని నెలలు ‘కాస్త తేడా ఉంది’ అనిపించడం, తర్వాత మళ్లీ ఇదే మంచం, ఒకెకరం తక్కువ. అరుదుగా హాని కూడా ఉంది. పోర్చుగల్‌లో ముక్కు లోపలి కణాలు వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తర్వాత అక్కడ గడ్డ పెరిగిందని 2014లో డాక్టర్లు రాశారు. రెండోది, గట్టిగా వద్దనడం. డబ్బు మిగులుతుంది. కానీ ‘చేయిస్తే లేచేవాడేమో’ అనే మాట మీ మీద, మరిది మీద జీవితమంతా ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, పల్లెలో ఆ మాట చాలా బరువు. మూడోది, వాయిదా. క్లినిక్ వాళ్లను రిజిస్ట్రీ నంబరు, అనుమతి కాగితం, ‘నడవకపోతే డబ్బు సంగతేమిటి’ అనేది రాతపూర్వకంగా అడగమనండి, మామగారినే పంపండి. ఆ కాగితాలు రాకపోతే ‘వద్దు’ అనేది కోడలి నోటి నుంచి కాకుండా ఆయన నోటి నుంచే వస్తుంది. నేనైతే ఈ దారి పడతాను. మీ ఇంటి సంగతి మీకు తెలుసు.

ఈలోగా ఇంకో పరీక్ష చేయించాలి, దానికి పెద్ద ఖర్చు లేదు. ఏషియా అంటే ఖండం పేరు కాదు, అమెరికాలో వెన్నుపాము గాయాల డాక్టర్ల సంఘం పేరులోని పొడి అక్షరాలు. ‘ఎ’ అంటే పూర్తి గాయం. ఆ అక్షరం వేసింది 14 నెలల కిందట, షాక్‌లో ఉన్నప్పుడు. ఇప్పుడు మళ్లీ చూపించాలి. తేల్చే చోటు ఏదనుకున్నారు, మలద్వారం. అక్కడ గుండుసూది తెలుస్తోందా, డాక్టరు వేలిని ఆయన తన ఇష్టంతో బిగించగలడా అని చూస్తారు. సిగ్గుపడి చాలామంది ఈ పరీక్ష తప్పించుకుంటారు, కొందరు డాక్టర్లు కూడా. వెన్నుపాములో ఆ చోటు తాలూకు పోగులు బయటి అంచున ఉంటాయి, అందుకని అన్నీ పోయినా అవి మిగిలే అవకాశం ఉంది. అక్కడ ఏ కొంచెం తెలిసినా గాయం పూర్తిది కాదు, కథ మారుతుంది. ఏమీ తెలియకపోతే, ఏడాది దాటిన పూర్తి గాయం నడక దాకా రావడం చాలా చాలా అరుదు. నేను మెత్తగా చెప్పలేను, చెప్పకూడదు.

మరి ఆ డబ్బులో పదో వంతు ఎక్కడ పెడితే పని జరుగుతుందంటారా? రిహాబిలిటేషన్ వార్డులో కొన్ని వారాలు. మంచం నుంచి కుర్చీకి తనంతట తాను మారడం, కుర్చీలో పావుగంటకో అరగంటకో చేతుల మీద లేచి పిరుదులకు ఊపిరి ఇవ్వడం, రోజూ ఒకే వేళకు, తిన్న అరగంటకు మలవిసర్జన అలవాటు చేయడం, ఇవన్నీ నేర్పిస్తారు. మన తెలుగువాళ్లు దేనికైనా వెల్లూరు పోతారు కదా, అక్కడి సీఎంసీ ఆస్పత్రిలో ఇలాంటివాళ్ల కోసమే 1966లో ఒక సంస్థ తెరిచారు. దాని వెనక ఉన్నది డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్నుపామే దెబ్బతింది, నడుము కింద పడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది, తర్వాత తనలాంటివాళ్లకు వైద్యం నేర్చుకుని వచ్చి విభాగం పెట్టింది. హైదరాబాద్‌లో కూడా పెద్ద ఆస్పత్రుల్లో ఫిజికల్ మెడిసిన్ విభాగం ఉందా అని అడగండి. ‘న్యూరో’ డాక్టరుకు చూపించడంతో ఆగిపోకండి, ఇది వేరే విద్య.

ముఖ్యంగా మూత్రం. పైపు ఎప్పుడూ ఉంచడం ఒక దారి. మీకు తేలిక, కానీ చీము పడుతూనే ఉంటుంది. రెండో దారి, సన్నటి పైపు తనే రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు పెట్టుకుని ఖాళీ చేసి తీసేయడం. చేతులు బాగున్నాయి కాబట్టి మీ ఆయన చేసుకోగలడు. ఒక్కోసారి అర లీటరు దాటకుండా నీళ్లు లెక్కగా తాగాలి, వేళ తప్పకూడదు. మొదటి నెల విసుగు, తడి, తప్పులు ఉంటాయి. కానీ సంచి మోసే పని, వాసన, ఆ సిగ్గు పోతాయి. మీ చేతుల్లోంచి ఒక పని తగ్గుతుంది. ఆయన చేతుల్లోకి ఒక పని వస్తుంది. గాయం తర్వాత ఆయన ‘నేను చేసుకుంటా’ అన్న మొదటి పని ఇదే కావచ్చు.

‘నడవవు’ అని ఎవరు చెప్పాలన్నారు. నా అనుమానం, ఆయనకు తెలుసు. పూస విరిగిన చప్పుడు ఆయన విన్నాడు. తెలియనట్టు ఉన్నది మీకోసం, వాళ్లమ్మ మొక్కు కోసం. ఆ పరీక్ష చేసిన డాక్టరునే, ఆయన ముందే, మీరూ మామా ఉండగా చెప్పమనండి. చాటున విని వచ్చి చెప్పే బాధ్యత మీరు తీసుకోవద్దు. చెప్పకుండా ఉండిపోవడమూ ఒక దారే, చాలా ఇళ్లలో అదే నడుస్తుంది. దానికి ధర ఏమిటంటే, రేపు లేచే మనిషికి ఇవాళ కుర్చీ ఎందుకు, ర్యాంపు ఎందుకు అని ఏ పనీ మొదలు కాదు.

దానికంటే ముందు ఇంకొకటి. ‘ఆ రోజే పోయుంటే బాగుండేది’ అని రెండుసార్లు అన్నాడని రాశారు. దాన్ని మాటవరస అనుకోవద్దు. సూటిగా అడగండి, ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అడిగిన మనిషి దగ్గర బరువు దిగుతుంది. పురుగుల మందు ఇంట్లోంచి తీసేయండి. 14416 అనేది ప్రభుత్వం నడిపే మానసిక సాయం ‘టెలీ మానస్’ నంబరు, తెలుగులో మాట్లాడతారు, మీకోసం కూడా చేయొచ్చు.

ఇక మీ నాలుగో ప్రశ్న. పాపమా అని అడిగారు. ఆ లెక్క నాకు తెలియదు. 28 ఏళ్ల మనిషి 14 నెలలుగా రాత్రి రెండేసి గంటలకు లేస్తూ, పగలు బీడీలు చుడుతూ, మాట పడుతూ ఉంటే పుట్టింటి ఇల్లు గుర్తుకురావడం సహజం. వెళ్లాలా వద్దా అన్నది ఈ అలసటలో తేల్చుకునేది కాదని మాత్రం అనిపిస్తుంది. పది రోజులు పాపతో పుట్టింటికి వెళ్లి పడుకుని నిద్రపోయి రావడం విడిచి వెళ్లడం కాదు. ఆ పది రోజులు అత్తమ్మ, మరిది తిప్పడం, పైపు చూడడం నేర్చుకుంటారు. తిరిగొచ్చాక ఉండాలనిపిస్తే పనిని పంచి ఉండండి. మీరొక్కరే మోసే ఏర్పాటు రెండేళ్లకు మించి ఎక్కడా నిలవగా నేను చూడలేదు. ఉండలేననిపిస్తే అదీ చెప్పగలిగే స్థితిలో ఉంటారు. మీరు ఒక్క గీత గీసి వదిలేసిన విషయం కూడా అర్థమైంది. దాంపత్యం పూర్తిగా ముగిసిపోయిందని ఎవరూ మీకు చెప్పలేదు, మీరే అనుకున్నారు. ఇప్పుడు కాలు ఎలా అదురుతోందో అలాగే ఆ కింది ముక్క తనంతట తాను చేసే పనులు ఇంకొన్ని కూడా మిగిలి ఉండొచ్చు. మందులూ ఉన్నాయి, పిల్లలు కావాలంటే దారులూ ఉన్నాయి. రిహాబిలిటేషన్ డాక్టరును మీ ఇద్దరూ కలిసి అడగండి, వాళ్లకిది రోజూ వినే ప్రశ్న.

డబ్బుకు సంబంధించి రెండు మాటలు. ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్ (సదరం) తీసుకున్నట్టు ఉత్తరంలో లేదు. అది ఉంటే పింఛను, దాంతోపాటు దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ). చెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుడికి శాశ్వత వైకల్యం వస్తే ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా ఉంది, చనిపోతేనే ఇస్తారన్నది అపోహ. ఎక్సైజ్ ఆఫీసులో, మీ గీత సహకార సంఘంలో అడగండి. మెడికల్ బోర్డు కాగితం కావాలంటారు, ఆలస్యమైందని వదిలేయకండి. మీ మరిది ఇంకా చెట్టెక్కుతున్నాడు కదా. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం చెట్టెక్కేవాళ్లు జారిపడకుండా కాపాడే ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు మొదలుపెట్టింది. బరువనీ ఆలస్యమనీ మూలన పెట్టిన ఇళ్లు ఉన్నాయని విన్నాను. మీ ఇంట్లో ఆ వాదన ఇక ఎవరూ చేయలేరు.

చెంపదెబ్బ గురించి మీరు మూడుచోట్ల రాశారు, ప్రతిచోటా సిరా మసకగా ఉంది. ఆయనకు ఈ కాగితం చదివి వినిపించండి, తన్నింది తను కాదని మీకు తెలిసిందని చెప్పండి. మిగతాది మీ ఇద్దరి మధ్య మాట. ఆ తర్వాత పక్కకు తిప్పి ఆ ఎర్ర మచ్చను ఫోన్‌లో ఫొటో తీయండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. నాలుగు రోజులకు మళ్లీ తీయండి. పెద్దదైతే ఉత్తరం కోసం చూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. చిన్నదైతే నాకు రాయండి.